వైద్యం, తేలిక పని

ఆ ఎండాకాలం మా నూలు మిల్లు నలభై ఆరు రోజులు ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచీ మరల హోరులో పెరిగినదాన్ని, అది ఒక్కసారిగా ఆగేసరికి చెవుల్లో ఏదో అడ్డం పడ్డట్టుండేది. మా క్వార్టర్స్‌లో అందరిదీ అదే అవస్థ. ఇన్నేళ్ళూ హోరు మీద వినబడాలని గొంతు పెంచి మాట్లాడటం అలవాటైపోయింది కదా, అమ్మ వంటింట్లోంచి ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావని నన్నడిగితే నాలుగిళ్ళ అవతలి నుంచి ఎవరో జవాబు చెప్పేవారు.

నాకప్పుడు పదహారేళ్ళు. పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తున్నాను. నాన్న మిల్లులో ఫిట్టరు. మనిషి నిదానం, మాట సూటి. అందుకే కార్మికులంతా తమ తరఫున మాట్లాడటానికి ఆయన్ని ముందు నిలబెట్టారు. సమ్మె జరుగుతోంది నాన్న కోసం కాదు, ఆయనలాంటి ఫిట్టర్ల కోసమూ కాదు. దూదేకే మరల దగ్గర పనిచేసే పదకొండు మంది కోసం. ఆ గదిలో గాలి కంటే దూది పొట్టే ఎక్కువ. ఏళ్ళ తరబడి అది పీల్చి పీల్చి వాళ్ళకి దగ్గు పట్టుకుంది. దగ్గుతో నాలుగు రోజులు రాలేదని కొత్త మేనేజరు ఒకతన్ని తీసేశాడు. ఆ మర్నాడే అందరూ మరలు ఆపి బయటికొచ్చేశారు. మేనేజరు భయపడి అతన్ని తిరిగి చేర్చుకున్నాడు గానీ, రేపు మిగతావాళ్ళ సంగతేమిటని ఎవరూ లోపలికెళ్ళలేదు.

ఆ పదకొండు మందిలో మా పక్కింటి బాబాయి ఒకడు. రక్తసంబంధం లేదు. నాన్నా ఆయనా ఒకే రోజు మిల్లులో చేరారు, ఒకే గోడకి అటూ ఇటూ కాపురం పెట్టారు. నేను పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి నన్ను ఎత్తుకొచ్చింది ఆయనే. నాన్న చేతులు వణుకుతున్నాయని ఇవ్వలేదట. బాబాయి నవ్వుతూ మాట మొదలుపెట్టి దగ్గులో ముగించేవాడు. "ముందు మాట చెప్పు, నవ్వు తర్వాత నవ్వుదువుగాని" అని పిన్ని కసురుకునేది.

పొద్దున్నే నేను వెనక వీధిలో టీచరమ్మ దగ్గరికి ఇంగ్లీషు చెప్పించుకోవడానికి వెళ్ళేదాన్ని. బళ్ళో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ముందు గదిలో ఒక బల్ల, ఒక బోర్డు, కిటికీ దగ్గర ఆవిడ కుర్చీ. ముక్కు మీద కోపం. తప్పు రాస్తే నోటితో తిట్టేది కాదు, కళ్ళజోడు తీసి తుడుచుకునేది. అదే మాకు తిట్టు.

ఆ నెలంతా మాటల్ని కలిపే మాటల మీదే పాఠం. మన భాషలో పెద్ద బాధ లేదని ఆవిడ అనేది. 'నువ్వూ నేనూ' అంటే ఇద్దరూ, 'నువ్వో నేనో' అంటే ఎవరో ఒకరు. మాట చివర చిన్న తోక తగిలిస్తే సరి. రాసేటప్పుడు ఒక్కోసారి అదీ అక్కర్లేదు, ఒక కామా పెట్టి ఊరుకున్నా చదివేవాళ్ళు అర్థం చేసుకుంటారు. ఇంగ్లీషులో అలా ఊరుకుంటే కుదరదు, రెంటికీ మధ్య ఏ సంబంధమో విప్పి చెప్పాలి. 'ఆల్దో' పెట్టాక మళ్ళీ 'బట్' పెట్టకూడదు, ఒకే తలుపుకి ఎన్ని తాళాలేస్తావు అనేది. 'అన్‌లెస్'లోనే 'కాకపోతే' ఉంది, పక్కన 'నాట్' చేరిస్తే అర్థం బోర్లా పడుతుంది. ఇవన్నీ నేను ఇట్టే పట్టేసేదాన్ని. నాతో చదివేవాళ్ళలో నాకే ఎక్కువ మార్కులు. ఆ సంగతి నాకు కాస్త ఎక్కువగానే తెలుసు.

ఒకరోజు మా వీధి గురించి రాయమంది. రెండు పేజీలు రాసి గర్వంగా ఇచ్చాను. ఆవిడ ఎర్ర సిరాతో 'అండ్' కనబడ్డ చోటల్లా సున్నా చుట్టింది. పద్నాలుగు సున్నాలు.

"చంటిపిల్ల కథ చెప్పినట్టుంది. అప్పుడూ, ఆ తర్వాతా, ఇంకానూ" అంది. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి ఏం రాసినా ఒక్కో వాక్యంలో 'అండ్' ఎన్నిసార్లు వచ్చిందో చూసుకుని, రెండు దాటితే ఏదో ఒకటి కొట్టేసేదాన్ని.

సమ్మె ఆరో వారంలోకి వచ్చింది. అప్పటికి ఇళ్ళల్లో మాటలు తగ్గిపోయాయి. బయట నినాదాలిచ్చే గొంతులు కూడా బొంగురుపోయాయి. మాలో అందరికంటే పెద్ద గొంతు ఒకాయనది, సైరన్ అని పిలిచేవాళ్ళం. ఆయనే ఇంటికొచ్చి మంచినీళ్ళడిగితే వినబడటంలేదని పిల్లలు చెప్పుకునేవాళ్ళు. అలాంటప్పుడు మేనేజరు కబురు పెట్టాడు. కోరికలన్నీ ఇంగ్లీషులో రాసిస్తే పై ఆఫీసుకి పంపి రెండు రోజుల్లో తేలుస్తానన్నాడు. పై ఆఫీసువాళ్ళకి మన భాష రాదు. కార్మికుల ప్లీడరేమో కూతురి కాన్పుకని ఊరెళ్ళాడు, వచ్చేసరికి పది రోజులు. పది రోజులు ఆగే ఓపిక ఎవరికీ లేదు.

ఆ సాయంత్రం నాన్న నా పక్కన చాప మీద కూర్చుని తెలుగులో రాసుకొచ్చిన కాగితం పరిచాడు. ఎనిమిది కోరికలు. ఒక్కోటీ చదివి, నాకు అర్థమయ్యేలా విడమరిచి చెప్పాడు. ఐదోది అసలైనది. 'వైద్యం, తేలిక పని ఇవ్వకుండా దగ్గూ ఆయాసమూ పట్టిన కార్మికుల్నీ హెల్పర్లనీ తీసెయ్యకూడదు' అని ఉంది. తేలిక పని అంటే నూలు ఉండలకి కాగితం చుట్టడం, గేటు దగ్గర కూర్చోవడం, అలాంటివి.

"ఇది జాగ్రత్తమ్మా. మందూ కావాలి, ఆ పొట్టులోంచి బయటికీ రావాలి. మందిచ్చి మళ్ళీ అదే గదిలో నిలబెడితే చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే" అన్నాడు.

నేను తలూపాను. విన్నాను కూడా. కానీ నా మనసంతా 'అన్‌లెస్' ఎక్కడ పెట్టాలా అన్నదాని మీదుంది. అంత పెద్ద వాక్యం నేనెప్పుడూ కట్టలేదు. కట్టి చూసుకుంటే దగ్గుకీ ఆయాసానికీ మధ్య ఒక 'అండ్', కార్మికులకీ హెల్పర్లకీ మధ్య ఒక 'అండ్' వచ్చేశాయి. నాన్న వైద్యానికీ తేలిక పనికీ మధ్య ఒట్టి కామా పెట్టి ఊరుకున్నాడు. అక్కడ మూడో 'అండ్' పెట్టబోయి ఆగాను. ఎర్ర సున్నాలు గుర్తొచ్చాయి. దగ్గు ముదిరినవాళ్ళకి వైద్యం, ముదరనివాళ్ళకి తేలిక పని, అంతేగా అనుకున్నాను. 'ఆర్' అని రాశాను. చదువుకుంటే వాక్యం ఎంతో నున్నగా, పెద్దవాళ్ళు రాసినట్టు వచ్చింది.

నాన్న కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయనకి ఇంగ్లీషు అక్షరాలు తెలుసు గానీ వాక్యం చదవలేడు. టీచరమ్మకి ఒకసారి చూపించి రమ్మన్నాడు. అవసరం లేదన్నాను. మళ్ళీ ఎక్కడ సున్నా చుడుతుందోనని కొంత, నేనొక్కదాన్నే రాశాననిపించుకోవాలని చాలా. నాన్న రెండోసారి అడగలేదు. నీకు తెలిసినంత మాకు తెలుసా తల్లీ అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మూడో రోజు మేనేజరు పిలిపించాడు. మిగతా ఏడింటి మీదా గంటల తరబడి బేరమాడారు. కొన్ని ఒప్పుకున్నారు, కొన్ని కొట్టేశారు. ఐదో దాని దగ్గరికొచ్చేసరికి మాత్రం మేనేజరు చదివి, పక్కనున్న ఆఫీసరుకి చూపించి, మీరు రాసింది ఒక్క అక్షరం కూడా మార్చకుండా ఒప్పుకుంటున్నాం అన్నాడట. నాన్న సంతకం చేసి వచ్చాడు. ఇంట్లోకి రాకుండానే వీధిలోంచే నన్ను పిలిచాడు. నా తల మీద చెయ్యి పెట్టి, "ఒక్క అక్షరం కూడా మార్చలేదు" అని అమ్మకి చెప్పాడు. బాబాయి గోడ మీదుగా తొంగిచూసి, నా కేసు గెలిచిన ప్లీడరమ్మ అని నవ్వి, దగ్గాడు. ఆ రాత్రి మా క్వార్టర్స్‌లో నన్ను తెలియనివాళ్ళు లేరు.

మరలు తిరిగాయి. హోరు తిరిగొచ్చింది. పదకొండు మందినీ రోజూ మిల్లు ఆసుపత్రికి పిలిచి మాత్రలు, గోధుమరంగు సిరప్పు ఇచ్చేవారు. మందు సీసా మీద తేదీ, పక్కన సంతకం. పని మాత్రం పాత గదిలోనే. తేలిక పని ఎప్పుడని బాబాయి అడిగితే, చూద్దాం, ఖాళీలు రావాలి అనేవారట. నాన్న రెండుసార్లు ఆఫీసుకి వెళ్ళి వచ్చాడు. రేపు, ఎల్లుండి అన్నారు. నెల గడిచి ఐదు రోజులైంది. ఆ సోమవారం పదకొండు మందికీ ఒకేసారి కాగితాలొచ్చాయి. ఒప్పందం ప్రకారం వైద్యం చేయించామనీ, అయినా ఆరోగ్యం కుదుటపడలేదు గనుక పనిలోంచి తొలగిస్తున్నామనీ, నెల లోపల క్వార్టర్లు ఖాళీ చెయ్యాలనీ.

ఆ మధ్యాహ్నం ప్లీడరు మా వసారాలో కూర్చుని ఒప్పందం చదివాడు. చుట్టూ పాతికమంది నిలబడ్డారు. నేను గుమ్మం లోపల ఉన్నాను. ఆయన ఐదో దాని దగ్గర ఆగాడు. మళ్ళీ చదివాడు. వేలు ఒక్కచోట పెట్టి ఉంచాడు.

"ఇక్కడ 'ఆర్' అని ఉంది. అంటే వైద్యమో, తేలిక పనో, ఏదో ఒకటిస్తే చాలు. ఇచ్చాక తీసెయ్యొచ్చు. వాళ్ళు ఒకటిచ్చారు. కోర్టుకెళ్ళినా ఇదే చదువుతారు" అన్నాడు.

ఆ మాట ఎలా వచ్చిందో, మూడో 'అండ్' దగ్గర నేను ఎంతసేపు ఆగానో అంతా ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చింది. సైరన్ గొంతు సవరించుకుని, మనం రెండూ అడగమన్నాం కదా, ఏదో ఒకటని ఎవరు రాశారు అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. ఒకరిద్దరి చూపు గుమ్మం వైపు తిరిగింది.

"నేనే" అన్నాడు నాన్న. "అమ్మాయి నేను చెప్పిందే రాసింది. రెండూ అడిగితే ఒప్పుకోరేమోనని, ఏదో ఒకటి ఇమ్మని నేనే చెప్పాను. ఆరు వారాలైపోయింది, ఎలాగో తెగ్గొట్టుకుందామనుకున్నాను."

"మాతో ఒక్క మాటైనా అనకుండానా?"

"అనకుండానే."

నాన్న అబద్ధం చెప్పగా నేను వినడం అదే మొదలు. తడబడకుండా చెప్పాడు. మరలో ఏ పళ్ళచక్రం అరిగిందో చెప్పే గొంతుతోనే చెప్పాడు. అందరూ నమ్మారు. ఒకరి తర్వాత ఒకరు వసారా దిగి వెళ్ళిపోయారు. బాబాయి ఆఖరున లేచాడు. నాన్న మొహంలోకి చాలాసేపు చూశాడు. తన ఇంట్లోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. పగటిపూట ఆ తలుపు మూసి ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు పెరట్లో నాన్న పనిముట్లకి నూనె రాస్తుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. నేనే చెప్పేస్తానన్నాను. ఇంటింటికీ వెళ్ళి చెప్తానన్నాను. ఆయన రెంచీ తుడవడం ఆపలేదు.

"చెబితే వాళ్ళ పనులు తిరిగొస్తాయా?"

నేను నూనె గుడ్డ తీసి ఇంకో రెంచీ తుడవడం మొదలుపెట్టాను.

"నా మీదైతే కోపం పెట్టుకోగలరు. రెండు తిట్టి, నా మొహం చూడకుండా తిరిగి, ఎలాగో బతుకుతారు. పదహారేళ్ళ పిల్ల మీద ఏం కోపం పెట్టుకుంటారు? మింగలేరు, కక్కలేరు. వాళ్ళకి ఆ కష్టం కూడా మనమే పెట్టాలా?" అన్నాడు. రెంచీ పక్కన పెట్టి, "ఇంగ్లీషు రానివాణ్ణి, సంతకం చేసింది నేను. అదైతే అబద్ధం కాదుగా" అన్నాడు.

అమ్మకి నేను చెప్పలేదు, నాన్నా చెప్పినట్టు లేదు. కానీ ఆవిడకి తెలుసు. పంపు దగ్గర ఆడవాళ్ళు మాటలు ఆపేసి పక్కకి జరిగితే, బిందె నింపుకుని తలొంచుకుని వచ్చేది. ఒక్కరోజు కూడా నాన్నని ఎందుకలా చేశావని అడగలేదు. నన్ను మాత్రం పంపు దగ్గరికి పంపడం మానేసింది. యూనియన్ గదిలో నాన్న కూర్చునే కుర్చీలో వేరేవాళ్ళు కూర్చున్నారు. పనయ్యాక ఆయన నేరుగా ఇంటికొచ్చి, వసారాలో కాకుండా పెరట్లో కూర్చోవడం మొదలుపెట్టాడు.

టీచరమ్మ దగ్గరికి ఒక్కసారి వెళ్ళాను. కోరికలు రాసిన చిత్తుకాగితం చూపించాను. ఎప్పుడు రాశానో, ఎందుకు రాశానో చెప్పాను. ఆవిడ చదివి కళ్ళజోడు తీసింది, తుడుచుకోలేదు. చేతిలోనే పట్టుకుని కూర్చుంది. నా దగ్గరికి ఎందుకు తీసుకురాలేదని అడిగింది. మళ్ళీ సున్నా చుడతారేమోనన్నాను. చాలాసేపటికి, నేను సున్నాలు చుట్టాను గానీ 'అండ్' ఎక్కడ ఉంచాలో చెప్పలేదు అంది, నాతో కాదు, కిటికీతో అన్నట్టు. ఆ తర్వాత నేను అటు వెళ్ళలేదు. ఫలితాలొచ్చాయి. ఇంగ్లీషులో బడికంతటికీ మొదటిదాన్ని. ఆ మార్కుల కాగితం ఎవరికీ చూపించబుద్ధి కాలేదు.

ప్లీడరు కేసు వేశాడు. అది రెండేళ్ళు నడిచి, ఆయన ముందే చెప్పినట్టు ముగిసింది. పదకొండు మందిలో ముగ్గురికి వేరే చోట్ల ఏవో పనులు దొరికాయి. బాబాయికి దొరకలేదు. కేసు తేలకముందే, రెండో చలికాలంలో పోయాడు. ఆ కబురు మాకు ఉత్తరంలో వచ్చింది. అది నాన్న పేరు మీదే పిన్ని రాసింది.

వాళ్ళు క్వార్టరు ఖాళీ చేసిన రోజు మాత్రం నాకిప్పటికీ నిన్నటిలా ఉంది. వానలు పడి నేల చల్లబడింది. వీధిలో చిన్న లారీ ఆగింది. పిన్ని గిన్నెలు బుట్టల్లో సర్దుతోంది. అమ్మ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని పాత కాగితాలు చుట్టి ఇవ్వసాగింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు, అలాగని లేచీ పోలేదు. నేను మా గుమ్మంలో నిలబడ్డాను, ముందుకీ పోలేక, లోపలికీ పోలేక. బాబాయి ఒక మూట ఎత్తుకుని నా ముందు నుంచి పోతూ ఆగాడు.

"టీచరమ్మ దగ్గరికి వెళ్ళడం మానేశావంట."

తలూపాను.

"వెళ్ళు" అన్నాడు. ఊపిరి తీసుకుని, "మీ నాన్న ఏదో ఒకటి చాలని నా గురించి ఎప్పుడూ అనడు. ఇరవై ఏళ్ళుగా ఎరుగుదును. నువ్వు చదువు మానేస్తే ఆయన చేసింది దండగ" అన్నాడు. నా జవాబు కోసం చూడలేదు. మూట లారీలో పడేసి లోపలికి వెళ్ళాడు.

ఆయనకి ఆ మధ్యాహ్నమే తెలుసు. నాన్న మొహంలోకి అంతసేపు చూసింది అందుకేనన్నమాట. తెలిసీ తలుపు వేసుకున్నాడు, నాన్న చెప్పింది నిజమని మిగతావాళ్ళు నమ్మాలని.

మంచం ఒక్కటే మిగిలింది. పాతకాలపు చెక్కమంచం, ఇద్దరు లేనిదే లేవదు. లారీ డ్రైవరు తన పని కాదన్నాడు. వీధిలో మిగతావాళ్ళు, మా మీది కోపంతోనో మరెందుకో, ఎక్కడివాళ్ళక్కడే ఉండిపోయారు. అప్పుడు మా పెరటి తలుపు చప్పుడైంది. నాన్న వచ్చాడు. ఎవరి వైపూ చూడకుండా లోపలికి వెళ్ళి తల వైపు పట్టుకున్నాడు. బాబాయి కాళ్ళ వైపు పట్టుకున్నాడు. నెల రోజులుగా మాట్లాడుకోని ఇద్దరూ మంచాన్ని ఏటవాలుగా గుమ్మం దాటించి, మెట్లు దించి, వాకిట్లోకి తెచ్చారు.

లారీకి ఇంకా పది అడుగులుంది. బాబాయి రొమ్ము ఎగసిపడటం నాకు గుమ్మంలోకి కనబడుతోంది. పెదాలు నీలంగా అయ్యాయి. ఆగమని ఆయన అడగడు. నాన్న ఉన్నట్టుండి తన వైపు కిందికి దించేశాడు. నడుం మీద చెయ్యి వేసుకుని ముందుకి వంగాడు.

"నడుం పట్టేసిందిరా. కాసేపాగు" అన్నాడు.

నాన్నకి నడుం నొప్పి ఎప్పుడూ లేదు. బాబాయి తన వైపు దించి మంచం పట్టె మీద కూర్చున్నాడు. నాన్న కూడా ఇంకో కొసన కూర్చున్నాడు. నడివీధిలో, అందరూ చూస్తుండగా, ఇద్దరూ చెరో వైపూ తిరిగి కూర్చున్నారు. దగ్గు వచ్చి, పోయి, మళ్ళీ వచ్చి, నెమ్మదిగా తగ్గింది. లారీ డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. నాన్న లేవలేదు.

"ఇప్పుడెలా ఉంది నీ నడుం?" అని బాబాయి అడిగాడు చివరికి.

"ఇంకాసేపు" అన్నాడు నాన్న.